జబ్బు చేసిన ఎముక విరిగినప్పుడు: చికిత్సా పద్ధతులు

బిందె ఎత్తుకోబోతే జబ్బ ఎముక విరుగుతుంది. పక్క మీద ఒత్తిగిలబోతే తొడ ఎముక పటుక్కుమంటుంది. గట్టిగా తుమ్మితే నడుం పట్టేస్తుంది, ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస చితికి ఉంటుంది. ఎముకల వార్డులో ఇలాంటివాళ్లు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న తొడ ఎముక విరగాలంటే బండి మీంచి ఎగిరిపడాలి, చెట్టు మీంచి జారిపడాలి. అంత దెబ్బ లేకుండానే విరిగిందంటే, ఆ ఎముక లోపల ఎప్పటినుంచో పాడవుతూ వచ్చిందన్నమాట. వైద్యులు దీన్ని పాథలాజికల్ ఫ్రాక్చర్ అంటారు. వ్యాధిజన్య భగ్నం అని తెలుగు చేసుకోవచ్చు. కేన్సర్, ఎముకలు గుల్లబారడం, క్షయ, డి విటమిన్ లోపం, ఫ్లోరోసిస్, కిడ్నీ జబ్బు, పుట్టుకతో వచ్చే ఎముకల లోపాలు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. వీటన్నిటికీ వర్తించే సూత్రం ఒకటుంది: విరిగిన చోటును సరిచేయడం చికిత్సలో సగమే. ఎందుకు విరిగిందో తేల్చడం తక్కిన సగం, అదీ ముందు జరగాల్సిన సగం.

ఎముక ఎలా బలహీనపడుతుంది

ఎముకలో ప్రధానంగా రెండు సరుకులుంటాయి. ఒకటి కొల్లాజెన్ అనే మాంసకృత్తు నార. రెండోది ఆ నారల మధ్య పేరుకున్న కాల్షియం, ఫాస్ఫరస్ ఖనిజం. నార వల్ల ఎముక కొద్దిగా సాగి దెబ్బను తట్టుకుంటుంది. ఖనిజం వల్ల బరువు మోస్తుంది. ఈ కట్టడం ఒకసారి కట్టి వదిలేసింది కాదు. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను తవ్వుతుంటే, ఆస్టియోబ్లాస్టులు వెనకాలే కొత్త ఎముకతో పూడుస్తుంటాయి. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి సుమారు 10 శాతం ఇలా కొత్తదవుతుంది.

జబ్బులు ఈ లెక్కను ఒక్కోటి ఒక్కో చోట తప్పిస్తాయి. ముట్లుడిగాక స్త్రీలలో తవ్వకం ఎక్కువై పూడిక చాలదు. డి విటమిన్ లేకపోతే నార ఏర్పడుతుంది గాని దానిమీద ఖనిజం చేరదు. పుట్టుకతో వచ్చే పెళుసు ఎముకల జబ్బులో నారే లోపభూయిష్టం. కేన్సర్ కణాలు ఎముకలోకి చేరినప్పుడు అవి స్వయంగా ఎముకను తినవు, ఆస్టియోక్లాస్టులను రెచ్చగొట్టి తవ్విస్తాయి. ఈ సంగతి అర్థమయ్యాకే ఆ తవ్వకాన్ని ఆపే మందులు వచ్చాయి.

విరిగిన ఎముక కంటే ముందు మనిషి

అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని అనుభవమున్న వైద్యుడు మొదట అడిగేది, "విరగకముందు అక్కడ నొప్పి ఉండేదా అమ్మా?" అని. "రెండు నెల్లబట్టి రాత్రిళ్లు ఒకటే పీకుడయ్యా, నిద్రుండేది కాదు" అని జవాబొస్తే అక్కడితో వైద్యం దారి మారిపోతుంది. పడుకున్నా తగ్గని నొప్పి, తెలియకుండా బరువు తగ్గడం, గతంలో రొమ్ములోనో థైరాయిడ్‌లోనో గడ్డ తీయించుకుని ఉండటం, పదేళ్ల కిందటిదైనా సరే, చెప్పాల్సిన విషయాలు. ఇంట్లోవాళ్లు పాత ఆపరేషన్‌ను దాచిపెట్టడం మనదగ్గర మామూలే. ఆ మొహమాటం వల్ల రోగికి జరిగే నష్టం చాలా పెద్దది.

ఎక్స్‌రేలో విరుగు అంచులు చిమ్మటలు కొట్టిన గుడ్డలా ఉన్నాయా, చుట్టూ ఎముక పలచబడిందా, తెల్లగా గట్టిపడిందా అని చూస్తారు. విరిగిన చోటొక్కటే తీస్తే చాలదు; పై కీలు నుంచి కింది కీలు దాకా ఎముక మొత్తం ఫిల్ములో కనిపించాలి. తొడ ఎముక మధ్యలో విరిగిన మనిషికి అదే ఎముక మెడ దగ్గర ఇంకో మచ్చ ఉండొచ్చు. రక్తంలో కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, డి విటమిన్, పారాథైరాయిడ్ హార్మోను, మాంసకృత్తుల ఎలక్ట్రోఫోరెసిస్, మగవాళ్లలో పీఎస్‌ఏ చూస్తారు. అవసరాన్ని బట్టి ఛాతీ, పొట్ట సీటీ, ఎమ్మారై, బోన్ స్కాన్ తీస్తారు. వీటిలో కాల్షియంను ఆ రోజే చూడటం ముఖ్యం. కేన్సర్ వల్ల రక్తంలో అది బాగా పెరిగితే మనిషి మగతగా ఉంటాడు, దాహం, మలబద్ధకం ఉంటాయి. నొప్పి మందు మత్తులే అని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. సెలైన్, దానితోపాటు కాల్షియం తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చి, అది అదుపులోకి వచ్చాకే మత్తు ఇస్తారు.

కారణం తెలియని మచ్చ దగ్గర ఎముక విరిగితే ముక్క పరీక్ష కాకుండా రాడ్ వేయకూడదు. ఎందుకంటే అది వేరేచోటి నుంచి వచ్చిన కేన్సర్ కాక, ఆ ఎముకలోనే పుట్టిన సార్కోమా అయి ఉండవచ్చు. మజ్జ గొట్టాన్ని తొలిచి రాడ్ దించితే ఆ కణాలు ఎముక పొడవునా, చుట్టూ కండల్లోకీ పరుచుకుంటాయి. కాలు నిలుపుతూ కణితిని మాత్రమే తీసేయగలిగిన మనిషికి కాలే తీసేయాల్సి రావచ్చు. ముక్క తీసే కోతను కూడా, తర్వాత పెద్ద ఆపరేషన్ చేయబోయే వైద్యుడే గీయడం మంచిది. ఫలితం వచ్చేవరకు కాలికి ట్రాక్షనో స్ప్లింటో పెట్టి నొప్పి తగ్గిస్తూ ఆగడం వల్ల పోయేదేమీ లేదు.

తెలుగునాట ఈ విషయానికి ఇంకో కోణం ఉంది. ఎముక విరిగితే తిరుపతి జిల్లా పుత్తూరుకో, ఊళ్లో కట్టు కట్టేవారి దగ్గరికో వెళ్లడం తరాలుగా ఉన్న అలవాటు. ఆకు పసరు, గుడ్డుసొన, గుడ్డపేలికలు, వెదురుబద్దలతో కట్టే ఆ కట్టుతో చెయ్యి కుదురుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మంచి ఎముక కదలకుండా ఉంటే అతుక్కుంటుంది గనక అందులో ఆశ్చర్యం లేదు. కానీ పెద్ద దెబ్బ లేకుండా విరిగిన ఎముకకు కట్టు కట్టించుకుని ఆరు వారాలు ఆగితే, ఆ ఆరు వారాలూ లోపలి జబ్బుకు కలిసొస్తాయి. అలాంటప్పుడు ఏ కట్టయినా ఎక్స్‌రే తర్వాతే.

కేన్సర్ ఎముకకు పాకినప్పుడు

నలభై దాటినవాళ్లలో ఎముకలో కొత్తగా కనిపించిన కణితి చాలావరకు మరో అవయవం నుంచి వచ్చిందే అయి ఉంటుంది. రొమ్ము, ప్రొస్టేట్, ఊపిరితిత్తి, కిడ్నీ, థైరాయిడ్ కేన్సర్లు ఎముకలోకి ఎక్కువగా చేరతాయి. వెన్ను, కటి, పక్కటెముకలు, తొడ ఎముక పైభాగం, జబ్బ ఎముక వాటికి ఇష్టమైన చోట్లు.

మామూలు విరుగుకు రాడ్డో ప్లేటో వేస్తే అది నాలుగైదు నెలలు ఊతంగా నిలిస్తే చాలు. ఈలోగా ఎముక అతుక్కుని బరువు తానే మోస్తుంది. కేన్సర్ ఉన్నచోట ఆ భరోసా లేదు. 1983లో గెయినర్, బుచర్ట్ అనే వైద్యులు కేన్సర్ వల్ల విరిగిన 129 ఎముకలను పరిశీలిస్తే అతుక్కున్నవి 35 శాతమే. మజ్జ కేన్సర్ అయిన మైలోమాలో మూడింట రెండు వంతులు అతికాయి, ఊపిరితిత్తుల కేన్సర్‌లో ఒక్కటీ అతకలేదు. ఆరు నెలలకు మించి బతికినవాళ్లలో మాత్రం 74 శాతం అతుక్కున్నాయి. కాబట్టి వేసే లోహం ఎముక సాయం లేకుండానే రోగి జీవితకాలం నిలిచేలా ఉండాలి. ఆపరేషన్ మర్నాడో ఆ మర్నాడో మనిషి కాలు మోపగలగాలి. బతికే కాలం నెలల్లో ఉన్న మనిషిని మూడు నెలలు మంచానికి కట్టేయడం అన్యాయం.

1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంట్షర్ తొడ ఎముక మజ్జ గొట్టంలోకి ఉక్కు రాడ్ దించిన పద్ధతి ఈ రోగులకు పెద్ద వరమైంది. ఇప్పుడు వేసే రాడ్లు తొడ పొడవునా ఉండి, పైన మెడలోకి ఒకటో రెండో స్క్రూలు పట్టుకుని ఉంటాయి; కేన్సర్ రేపు అదే ఎముకలో మరోచోట బయటపడినా కాపు ఉండాలని. మజ్జ గొట్టాన్ని తొలుస్తున్నప్పుడు కొవ్వు, కణితి ముక్కలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది గనక మత్తు వైద్యుడు ఆ కొద్ది నిమిషాలు ఆక్సిజన్ అంకె మీదనుంచి కన్ను తిప్పడు.

తొడ ఎముక తల, మెడ తినేసి ఉంటే రాడ్ పనికిరాదు. ఆ భాగం తీసేసి కృత్రిమ బంతి, పొడుగాటి కాడ పెడతారు. పెద్ద గుంత పడినచోట కేన్సర్‌ను గోకి తీసి సిమెంటు నింపి, దానిమీద ప్లేటు బిగిస్తారు. ఈ సిమెంటు ఇల్లు కట్టేది కాదు, మిథైల్ మెథాక్రిలేట్ అనే యాక్రిలిక్. ఆపరేషన్ బల్ల పక్కనే పొడి, ద్రవం గిన్నెలో కలుపుతారు. ఘాటు వాసన గది అంతా కమ్ముకుంటుంది. మొదట పలచటి పెరుగులా ఉండి, కాసేపటికి పూరీపిండిలా ముద్దవుతుంది. గ్లవుజుకు అంటుకోకుండా వదిలినప్పుడు గుంతలో కూరతారు. ఇంకో కొన్ని నిమిషాల్లో చెయ్యి కాలేటంత వేడెక్కి రాయిలా బిగుస్తుంది. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ తుంటి మార్పిడిలో దీన్ని స్థిరపరిచాడు. 1970ల్లో అమెరికాలో కెవిన్ హారింగ్టన్, ఆయన తోటివాళ్లు కేన్సర్ వల్ల విరిగిన ఎముకలకు దాన్ని విస్తారంగా వాడి చూపించారు.

కిడ్నీ, థైరాయిడ్ కేన్సర్ల ముద్దలు రక్తనాళాలతో నిండి ఉంటాయి. కత్తి పెడితే రక్తం ఆగదు. అందుకే ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు సన్నటి గొట్టం ద్వారా ఆ నాళాలను మూసేస్తారు. దీన్ని ఎంబొలైజేషన్ అంటారు. ఈ జాగ్రత్త తీసుకోకపోతే ఆపరేషన్ బల్ల మీదే ప్రాణాలు పోవచ్చు.

ఇంకా విరగని ఎముక సంగతేమిటి? విరిగాక చేసే ఆపరేషన్ కంటే విరగకముందు చేసేది చిన్నది, నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా పంపవచ్చు. ఎవరికి ముందే రాడ్ వేయాలో తేల్చడానికి 1989లో హిల్టన్ మిరెల్స్ నాలుగు ప్రశ్నల లెక్క ఇచ్చాడు. మచ్చ ఎక్కడుంది, నొప్పి ఎలాంటిది, ఎముక కరిగిందా గట్టిపడిందా, మందంలో ఎంత భాగం పోయింది అని. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 9 లేదా అంతకు మించితే ముందే బిగించాలి, 7 లేదా అంతకు తక్కువైతే రేడియేషన్ చాలు, 8 వస్తే వైద్యుడి విచక్షణ. ఈ నాలుగింటిలో, అడుగు వేసినప్పుడల్లా కలుక్కుమనే నొప్పిని అన్నిటికంటే సీరియస్‌గా తీసుకోవాలి. బరువు పడినప్పుడు నొప్పి పుట్టిందంటే ఎముక ఆ బరువును ఆపలేకపోతోందని అర్థం.

జనం "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్ లేకుండా ఈ ఆపరేషన్ పూర్తికాదు. కుట్లు మానాక, సాధారణంగా రెండు వారాలకు మొదలుపెట్టి, రాడ్ పొడవునా ఇస్తారు. మిగిలిన కణాలు పెరిగి లోహాన్ని వదులు చేయకుండా ఉండటానికి ఇది అవసరం. ఎముక విరగకుండా నొప్పి ఒక్కటే ఉంటే 8 గ్రేల ఒకే డోసు కూడా, పది రోజుల డోసులతో సమానంగా నొప్పి తగ్గిస్తుందని చాలా అధ్యయనాల్లో తేలింది. దూరాభారం నుంచి అంబులెన్సు మాట్లాడుకుని వచ్చే కుటుంబానికి ఒక్కరోజుతో పనైపోవడం ఎంత ఉపశమనమో చెప్పనక్కర్లేదు. జోలెడ్రోనిక్ ఆసిడ్, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు ఆస్టియోక్లాస్టుల తవ్వకాన్ని అణిచి కొత్త విరుగుళ్లను తగ్గిస్తాయి. ఇవి మొదలుపెట్టేముందు పుచ్చిపళ్లు ఉంటే పీకించుకోవాలి. మందు మొదలయ్యాక పన్ను తీయిస్తే దవడ ఎముక మానక చచ్చుబడే ప్రమాదం ఉంది.

మైలోమా, వెన్నుపూస

మైలోమా గురించి వైద్యచరిత్రలో మొదటి వివరమైన రికార్డు లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో 1844లో శామ్యూల్ సోలీ రాసినది. రోగి సారా న్యూబరీ, 39 ఏళ్లు. నాలుగేళ్లుగా ఒళ్లంతా నొప్పులు. భర్త ఆమెను ఎత్తుకుని మంచం దగ్గరికి తీసుకెళ్తుంటే తొడ ఎముకలు విరిగాయి. ఆమెకు ఇవ్వగలిగిన మందు నారింజ తొక్క కషాయం, రేవల్చిన్ని మాత్రలు. కొద్దిరోజుల్లో పోయింది. ఇవాళ అదే జబ్బుకు బోర్టెజోమిబ్ వంటి మందులు, రోగి సొంత మజ్జ కణాల మార్పిడి ఉన్నాయి. రేడియేషన్‌కు ఈ కణితి కరిగిపోతుంది. మైలోమా రోగి ఏళ్ల తరబడి బతుకుతాడు గనక రాడ్డూ ప్లేటూ కూడా అన్నేళ్లు నిలిచేటట్టు చేయాలి.

వెన్నుపూస చితికితే తేడా ఏమిటంటే, దాని వెనకాలే వెన్నుపాము ఉంటుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఆగిపోవడం మొదలైతే అది గంటల్లో తేల్చాల్సిన వ్యవహారం. వెంటనే స్టెరాయిడ్, ఎమ్మారై. కేన్సర్ వెన్నుపామును నొక్కిన రోగులమీద 2005లో ప్యాచెల్ బృందం ప్రచురించిన అధ్యయనంలో ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 84 శాతం నడవగలిగారు, రేడియేషన్ మాత్రమే ఇచ్చినవాళ్లలో 57 శాతం. వెన్నుపామును నొక్కకుండా నొప్పి మాత్రమే ఉంటే, సూదితో పూసలోకి సిమెంటు ఎక్కించే వర్టిబ్రోప్లాస్టీ ఉంది. ఫ్రాన్స్‌లోని ఆమియెన్ నగరంలో గలిబెర్, దెరామాన్ 1984లో మొదలుపెట్టారు. కేన్సర్ పూసల్లో ఇది బాగా పనిచేస్తుంది. గుల్లబారిన పూసల్లో మాత్రం ఉత్తుత్తి సూదితో పోల్చితే తేడా కనబడలేదని 2009లో వచ్చిన రెండు అధ్యయనాలు చెప్పాయి. అప్పటినుంచి అందరికీ చేసే అలవాటు తగ్గింది, తగ్గడమే సరైంది.

గుల్లబారిన తుంటి

సంఖ్యలో చూస్తే అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే. బాత్రూంలో కాలు జారి, మంచం దిగబోయి తూలి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లు. "ఈ వయసులో ఆపరేషనా, పోనీలెండి, పడుకోబెడదాం" అనే మాట ఇంట్లో తప్పక వస్తుంది. ప్రేమతోనే అంటారు, కానీ పడుకోబెట్టడం వల్లే న్యుమోనియా, పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి లేపి కూర్చోబెట్టడమే ప్రాణరక్షణ. తొడ ఎముక మెడ దగ్గర విరిగి ముక్క పక్కకు జరిగితే రక్తసరఫరా తెగిపోతుంది గనక బంతి మారుస్తారు; కాస్త కింద విరిగితే రాడ్, స్క్రూ. స్క్రూలు గుల్ల ఎముకలో పట్టు దొరక్క ఊడిపోకుండా ఇప్పుడు లాకింగ్ ప్లేట్లు వచ్చాయి. వీటిలో స్క్రూ తల కూడా మర తిరిగి ప్లేటులోనే బిగుసుకుంటుంది.

చాలాచోట్ల ఇక్కడితో ఆపేస్తారు. ఒక తుంటి విరిగిన మనిషికి రెండోది విరిగే అవకాశం ఎక్కువని తెలిసి కూడా డిశ్చార్జి కాగితంలో గుల్లబారినతనానికి ఒక్క మందూ కనిపించదు. 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తుంటి ఆపరేషనైన 90 రోజుల్లోపు జోలెడ్రోనిక్ ఆసిడ్ ఏడాదికొకటి చొప్పున ఇస్తే కొత్త విరుగుళ్లు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ఈ మందులూ హద్దు దాటితే ఎదురు తిరుగుతాయి. ఏళ్ల తరబడి వాడిన కొందరిలో తొడ ఎముక మధ్యలో సుద్దముక్కలా అడ్డంగా విరుగుతుంది. దానికి ముందు నెలల తరబడి తొడలో నొప్పి ఉంటుంది. ఆ నొప్పి చెప్పినప్పుడు రెండు తొడలకూ ఎక్స్‌రే తీయాలి. డెనోసుమాబ్‌ను మధ్యలో మానేస్తే వెన్నుపూసలు వరసగా చితికే ప్రమాదం ఉంది, కాబట్టి ఆపేటప్పుడు ఇంకో మందు అందించాలి.

ఫ్లోరైడ్ నేర్పిన పాఠం

ఎముక ఎంత తెల్లగా, చిక్కగా కనిపిస్తే అంత గట్టిదనుకోవడం పొరపాటని తెలుగు జిల్లాల అనుభవమే చెబుతుంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, 1955లో సిద్దిఖీ నల్లగొండలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల్ని వర్ణించారు. ఎక్స్‌రేలో వాళ్ల వెన్ను సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంటుంది, మెడ తిరగదు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అదే నీరు తాగిన పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని గుర్తించారు. ఇంత అనుభవం మన ఊళ్లలో ఉండగానే పాశ్చాత్య దేశాల్లో ఫ్లోరైడ్‌ను గుల్లబారిన ఎముకకు మందుగా ప్రయత్నించారు. 1990లో రిగ్స్ బృందం 202 మంది స్త్రీలమీద చేసిన నాలుగేళ్ల అధ్యయనంలో నడుం పూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు చితకడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. ఆ ఎముక చిక్కనే గాని పెళుసు. ఫ్లోరోసిస్ రోగికి ఆపరేషన్ అంటే మత్తు వైద్యుడికి మెడ వంచడమే కష్టం, వెన్నులో సూది దిగదు. ఈ జబ్బుకు అసలు చికిత్స లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటని ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు.

పిల్లలు

పిల్లల్లో భుజం దగ్గర జబ్బ ఎముకలో నీటితిత్తి ఉండి, బంతి విసిరినప్పుడు విరగడం తరచుగా చూస్తాం. తల్లిదండ్రులు కేన్సరేమోనని హడలిపోతారు. అది కేన్సర్ కాదు. మెడకు గుడ్డ కట్టి చెయ్యి వేలాడదీస్తే కొన్ని వారాల్లో విరుగు అతుక్కుంటుంది, తిత్తి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పుట్టుకతో పెళుసు ఎముకలున్న బిడ్డ సంగతి వేరు. లంగోటా మార్చేటప్పుడు కాలు పట్టి ఎత్తితేనే తొడ విరుగుతుంది. పిర్రల కింద చెయ్యి వేసి ఎత్తాలని తల్లికి మొదటిరోజే నేర్పాలి. తరచు విరిగి విల్లులా వంగిన ఎముకను రెండుమూడు చోట్ల కోసి, ముక్కలను ఒకే రాడ్‌కు దండలా గుచ్చే పద్ధతిని సోఫీల్డ్, మిల్లర్ 1959లో ప్రచురించారు. బిడ్డ పెరిగితే రాడ్ పొట్టిదైపోయేది. 1963లో బెయిలీ, డుబో ఒకదానిలోంచి ఒకటి జారి పొడవయ్యే రాడ్ తెచ్చారు. దాన్ని మెరుగుపరిచిన ఫాసియే–డువాల్ రాడ్‌ను ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. 1998లో మాంట్రియల్‌లో గ్లోరియో బృందం పామిడ్రొనేట్ ఇంజెక్షన్‌తో ఈ పిల్లల ఎముకలు చిక్కబడి విరుగుళ్లు తగ్గుతాయని చూపింది. నొప్పి తగ్గి ఆటలో పడిన బిడ్డ వాడుకే ఆ ఎముకకు మరింత బలాన్నిస్తుంది.

కత్తి అక్కర్లేని విరుగుళ్లు

డి విటమిన్ లోపం వల్ల తొడ మెడ దగ్గరో కటిలోనో సన్నటి పగుళ్లు పడ్డ స్త్రీకి విటమిన్, కాల్షియం సరిగా ఇస్తే చాలావరకు అవే పూడతాయి. క్షయ పట్టిన వెన్నుపూస మందులకు లొంగుతుంది. వెన్నుపాము మీద ఒత్తిడి, పెరిగే గూను ఉంటేనే ఆపరేషన్. కిడ్నీ చెడినవాళ్లలో ఫాస్ఫేటును, హార్మోన్లను అదుపు చేయకుండా రాడ్లు వేస్తూపోతే ఒకటి తర్వాత ఇంకోటి విరుగుతూనే ఉంటుంది.

వీటన్నిటిలో విశేషమైనది పారాథైరాయిడ్ గ్రంథిలో పుట్టే చిన్న గడ్డ. అది అతిగా హార్మోను వదిలి ఎముకల్లోంచి కాల్షియంను తోడేస్తుంది. ఎక్స్‌రేలో ఎముకనిండా గుంతలు కనిపిస్తాయి. చూసినవాళ్లు కేన్సర్ పాకిందనుకుంటారు. ఎందరికో ఆ మాటే చెప్పి ఇంటికి పంపేసి ఉంటారు. 1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ ఎముకలు కరిగి నడవలేని ఒక ట్రాము కండక్టరు మెడలోంచి ఆ గడ్డ తీసేస్తే, అతను నెలల్లో కోలుకుని మళ్లీ నడిచాడు. ఈనాటికీ వైద్యం అదే. విరిగిన చోట అవసరమైతే ఊతం ఇచ్చి, గడ్డ తీసేస్తే గుంతలు వాటంతట అవే పూడటం మొదలవుతుంది. ఎంత ఆత్రంగా పూడతాయంటే, ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో ఎముకలు రక్తంలోని కాల్షియంనంతా లాగేసుకుంటాయి. రోగికి పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. వైద్యులు దీన్ని ఆకలిగొన్న ఎముక అంటారు. అప్పుడు పగలూ రాత్రీ రక్తపరీక్షలు చేస్తూ, నరంలోకి కాల్షియం ఎక్కిస్తూ, ఆ ఆకలి తీరేదాకా రోజులు, ఒక్కోసారి వారాలు రోగిని కనిపెట్టుకుని ఉండాలి.